సైకిలు సీటు ఒరపిడి - నివారణ మార్గములు

గ్రామ పంచాయతీ సమావేశములలో రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, మురుగుకాలువలు చర్చకు వచ్చుట సహజము. సైకిలు సీటు చర్చకు వచ్చిన సమావేశమును మాత్రము మేమింతవరకు చూచియుండలేదు. అట్టి విషయమును ఈ పాఠమునకు ఎన్నుకొనుటకు గల కారణమును ముందుగా మనవి చేసెదము.

కృష్ణా డెల్టాలో కాలువగట్టునగల ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము మేము వెళ్లియుంటిమి. ఆ యూరి పిల్లలు ఉన్నత పాఠశాలకు 5 కిలోమీటర్లు పోవలెను. పిల్లలకు సైకిళ్లు కలవు. గట్టు రోడ్డు అక్కడక్కడ గుంటలు పడినను బొత్తిగా చెడినది కాదు. అయినను తొమ్మిదవ తరగతి బాలికలలో నలుగురు కొన్ని నెలలుగా బడికి సరిగా వచ్చుట లేదని ప్రధానోపాధ్యాయులు చెప్పిరి. సర్పంచిగారు సదుద్దేశముతోనే దానికి పలు కారణములు ఊహించిరి. గట్టు మీద తుంటరి కుర్రవాండ్రు ఉన్నారేమో యనిరి. పెండ్లి సంబంధములు వచ్చుచున్నవేమో యనిరి. గట్టు పొడుగునను దీపములు వేయింపవలెనని ఒక సభ్యుడు తీర్మానము కూడ ప్రతిపాదించెను.

తుదకు అసలు సంగతి గ్రామ ఏఎన్ఎమ్ గారి వలన తెలిసినది. ఆ బాలికలకు తొడల మొదట చర్మము ఒరసికొనిపోయి పుండ్లు పడినవి. ఒకతెకు సెగగడ్డ లేచి చీము పట్టినది. తల్లికి చెప్పుటకు సిగ్గు. తండ్రికి చెప్పుటకు అంతకంటె సిగ్గు. "సైకిలు తొక్కలేను" అని చెప్పిన ఎందుకని అడుగుదురు గనుక, "బడికి పోను" అని యూరకుండిరి. ఏఎన్ఎమ్ గారు బాలికలతో మాటలాడునపుడు మేమును సర్పంచిగారును బయట వేపచెట్టు క్రిందికి పోయి కూర్చుంటిమి. మగవారమందరమును కలిసి మూడు నెలలు ఆలోచించినను తెలియని విషయము అరగంటలో తేలిపోయినది.

బాలికల చదువునకు సైకిలు ఎంత ఉపకరించునో సభ్యులకు తెలియనిది కాదు. బీహారు రాష్ట్రమున 2006వ సంవత్సరములో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు ప్రభుత్వము ధనమిచ్చు పథకము ఆరంభమైనది. దాని ఫలితములను పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య ఆ పథకము వలన 32 శాతము పెరిగినది; బాలబాలికల నడుమ గల అంతరము 40 శాతము తగ్గినది. బడి 3 కిలోమీటర్లు గాని అంతకు మించి గాని దూరమున నున్న గ్రామములలోనే ఈ లాభము హెచ్చుగా కనబడినది. పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకపు తొలి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. మన ఆంధ్రప్రదేశ్‌లోను "బడికొస్తా" అను పేరుతో ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచియుండిరి. ఇంత వ్యయముతోను ప్రయాసతోను పిల్ల చేతికి వచ్చిన సైకిలు, సీటు క్రింది ఒక బోల్టు సరిగా లేనందున పశువుల కొట్టములో గోడకు ఆనించబడియుండుట న్యాయము కాదు.

బాలికల మాట ముందు చెప్పితిమి గాని ఈ బాధ వారికి మాత్రమే పరిమితము కాదు. పాలక్యానులు మోయువారు, బట్టల మూటలతో ఊరూర తిరుగు వర్తకులు, పొలమునకు పోవు వృద్ధులు, ఉత్తరములు బట్వాడా చేయు తపాలా సేవకులు, సైకిలుపై ఆధారపడిన వారందరును దీనిని ఎరుగుదురు. ఎరిగియు ఎవరును పైకి చెప్పరు.

నొప్పి ఎచట పుట్టుచున్నది?

మనము కూర్చుండునపుడు దేహభారమును మోయుటకై కటి యెముకల అడుగున రెండు గుబ్బలు కలవు. గట్టి అరుగుపై కూర్చుండి, అరచేతులను క్రింద నుంచి, కొంచెము అటునిటు కదలినచో ఈ గుబ్బలు చేతికి స్పష్టముగా తగులును. వీనిని కూర్చుండు ఎముకలని పిలుతము. సైకిలుపై మన బరువు ఈ రెంటిమీదనే నిలువవలెను. వీని నడుమనున్న మెత్తని భాగమున నరములు, రక్తనాళములు కలవు. అది బరువు మోయుటకు ఏర్పడిన చోటు కాదు. సీటు సరిగా లేనపుడు భారము ఎముకల నుండి జారి ఆ మెత్తని చోటికి గాని తొడల లోపలి చర్మము మీదికి గాని పోవును. అచటనే బాధ మొదలగును.

ఒత్తిడికి రాపిడియు, రాపిడికి చెమటయు తోడైనపుడు పుండు పడును. లెక్క వేసి చూడుడు. సాధారణమైన సైకిలుకు పెడలు ఒక చుట్టు తిరిగినచో బండి ఇంచుమించు 5 మీటర్లు ముందుకు పోవును. 5 కిలోమీటర్ల బడికి పోవునప్పటికి ఒక్కొక్క కాలు వేయి మారులు పైకి లేచి క్రిందికి దిగును. వచ్చునపుడు మరి వేయి. ప్రతి మారును తొడ సీటు అంచునకు రాచుకొన్నచో, అందులోను తడిసిన బట్టయు దాని కుట్టును నడుమ నలిగినచో, చర్మము ఎన్నాళ్లు ఓర్చును? చెమటలో నానిన చర్మము పొడి చర్మము కంటె సులభముగా చిట్లును. చిట్లినచోట సూక్ష్మక్రిములు చేరి రోమమూలములు వాచును. అదియే కురుపగును, ముదిరినచో సెగగడ్డ యగును.

సైకిలుతో పాటే ఈ బాధయు పుట్టినది. 1860వ దశకమున ఐరోపాలో కొయ్యచక్రములకు ఇనుపపట్టాలు బిగించిన సైకిళ్లు ఉండెడివి. ఎముకలను కుదిపి వేయునది అను అర్థము వచ్చు పేరుతో ఆంగ్లేయులు వానిని పరిహాసముగా పిలిచిరి. ఇంగ్లండులోని బర్మింగుహాములో తోలుపని చేయుచుండిన బ్రూక్సు అను నాతడు, తన గుర్రము చనిపోగా అరువు తెచ్చుకొన్న సైకిలు సీటును భరింపలేక, 1882లో తోలుసీటునకు పేటెంటు కోరెనని చెప్పుదురు. డన్‌లపు గాలి టైరు 1888లో వచ్చినది. తరువాతి దశకములో ఆ దేశముల స్త్రీలు సైకిలు ఎక్కనారంభింపగా, అది వారి ఆరోగ్యమునకు చేటని కొందరు వైద్యులు కలవరపడిరి. మధ్యలో గాడి తీసిన సీట్లు ఆనాడే అంగళ్లకు వచ్చినవి. నేడు పట్టణములలో క్రొత్త వస్తువని హెచ్చు ధరకు అమ్ముచున్న గాడి సీటు ముత్తవ్వ కాలపుదని మన యువకులు గ్రహింతురు గాక.

సీటు ఎత్తు

మేము చూచిన సైకిళ్లలో అన్నిటికంటె హెచ్చుగా కనబడిన లోపము ఇదియే గనుక, దీనిని కొంత విపులముగా చెప్పవలసియున్నది.

ఆ గ్రామమున సైకిళ్లు బాగుచేయు వృద్ధుని పిలిపించితిమి. ఆయన మొదటి సైకిలును చూడగానే, "అయ్యా, బండి వచ్చిననాడు సీటు ఎట్లున్నదో నేటికి అట్లే యున్నది, పిల్ల మాత్రము బెత్తెడు పెరిగినది" అనెను. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పిల్లలు త్వరగా పెరుగుదురు. కాళ్లు పొడవగుచుండగా సీటు క్రిందనే యున్నచో మోకాళ్లు పొట్టవరకు లేచును. పెడలు మీద పడవలసిన బలము పడదు. దేహభారమంతయు మూటవలె సీటుపై నిలిచిపోవును. పెడలును గట్టిగా త్రొక్కువానికి సీటుపై బరువు కొంత తగ్గును. క్రుంగి కూర్చున్నవానికి ఆ ఉపశమనము లేదు. మోకాళ్లును నొచ్చును.

రెండవ సైకిలు కథ వేరు. అది తండ్రిది. ఉదయము ఆయన పొలమునకు పోయివచ్చిన పిమ్మట కుమార్తె బడికి తీసికొనిపోవును. సీటు తండ్రికి తగిన ఎత్తున నున్నది. పెడలు అడుగునకు పోయినపుడెల్ల అందుకొనుటకై ఆ బాలిక ఒకసారి కుడిప్రక్కకు, ఒకసారి ఎడమప్రక్కకు ఒరగవలసి వచ్చుచుండెను. వెనుక నుండి చూచినచో నడుము ఊగుట కనబడును. అట్లు ఊగిన ప్రతిసారియు చర్మము సీటుపై ఱంపమువలె ఆడును. ఒరపిడి పుండ్లు పడినవారిలో ఈ బాలిక పుండే పెద్దది.

సరియైన ఎత్తును కనుగొనుట సులభము. సైకిలును గోడప్రక్క నిలిపి, ఎక్కువాడు నిత్యము తొడుగు చెప్పులతోనే ఎక్కి గోడను పట్టుకొనవలెను. ఒక పెడలును పూర్తిగా అడుగునకు తెచ్చి, దానిపై మడమ ఉంచవలెను. నడుము ఒరగకుండ, కాలు సరిగా చాగినచో ఆ ఎత్తు సరిపోయినట్లు. తొక్కునపుడు మడమకు బదులు పాదము ముందరి భాగమును పెడలుపై ఉంచుదుము గనుక, మోకాలు కొంచెము వంగియే యుండును. మడమ అందనిచో సీటు ఎత్తు హెచ్చినట్లు. మడమ ఉంచినను మోకాలు వంగియున్నచో తగ్గినట్లు.

ఇట్లు సరిచేసిన పిమ్మట సీటుపై కూర్చుండి రెండు పాదములను నేలకు పూర్తిగా ఆనించుట సాధ్యము కాదు. తల్లిదండ్రులు దీనిని చూచి భయపడుదురు. కాలు నేలకు అందనిచో పిల్ల పడిపోవునని వారి వాదము. క్రొత్తగా నేర్చుకొను పిల్లల విషయమున ఈ భయము సబబైనదే. నేర్చునంతవరకు సీటు క్రిందనే యుండనిండు. తొక్కుట వచ్చిన పిదప వారమునకు ఒక వ్రేలి మందము చొప్పున పెంచుచు పోయినచో, పిల్లకు గాని తల్లికి గాని తెలియకుండనే సీటు తగిన ఎత్తునకు చేరును. ఆగునపుడు సీటు దిగి ముందుకు నిలుచుట నేర్పవలెను.

ఎత్తు పెంచునపుడు ఒక జాగ్రత్త అవసరము. సీటు కడ్డీపై తయారుచేసినవారు చెక్కిన గీత బయటకు కనబడరాదు. గీత లేనిచో కనీసము 3 అంగుళముల కడ్డీ లోపల నుండవలెను. లేనియెడల గుంటలో పడినపుడు కడ్డీ వంగును, లేక విరుగును.

వాలు, వెడల్పు, స్ప్రింగులు

సీటు మట్టముగా నుండవలెను. తాపీమేస్త్రీ వద్దనుండు రసమట్టమును సీటు పొడవునను ఉంచి చూచినచో క్షణములో తెలియును. ముక్కు పైకి లేచియున్నచో మెత్తని భాగము నలుగును, తిమ్మిరి పుట్టును. మరీ క్రిందికి వాలినచో మనిషి ముందుకు జారుచు, చేతులతో హ్యాండిలును నెట్టుచు, మరల వెనుకకు జరుగుచు ప్రయాణమంతయు రాపిడి తెచ్చుకొనును. మట్టము కంటె వెంట్రుకవాసి క్రిందికి వంచినచో సుఖముగా నున్నదని చెప్పువారును కలరు. అది వారి అనుభవము ననుసరించి చేసికొనవచ్చును. పాత సైకిళ్లలో సీటు క్లిప్పు పండ్లు అరిగిపోవుట వలన ఎంత బిగించినను బరువైనవాడు కూర్చుండగానే ముక్కు పైకి లేచును. అట్టిదానికి పానాతో కుస్తీ పట్టుట వృథా. క్రొత్త క్లిప్పు వేయింపవలెను.

వెడల్పును గూర్చి. స్త్రీల కటి యెముకలు సాధారణముగా పురుషుల వానికంటె వెడల్పు గనుక కూర్చుండు ఎముకల మధ్య దూరమును హెచ్చుగా నుండును. కొందరికి ఇది 10 సెంటీమీటర్లు, మరికొందరికి 14 వరకు ఉండవచ్చును. గట్టి పీటపై అట్టపెట్టె ముక్క పరచి, దానిపై కొన్ని నిమిషములు కూర్చుండి లేచినచో అట్టపై రెండు గుంటలు పడును. వాని నడిమి దూరమును కొలిచి, సీటు వెనుకభాగము అంతకంటె సుమారు 2 సెంటీమీటర్లు వెడల్పుగా నున్నదో లేదో చూడవలెను. నిటారుగా కూర్చుండి తొక్కు మామూలు సైకిలుకు స్ప్రింగులు గల వెడల్పాటి సీటు తగును. ఈ మధ్య మన పల్లెలలో కనబడుచున్న గేరు సైకిళ్లకు సన్నని గట్టి సీటు ఉండును. అది ముందుకు వంగి వేగముగా పోవువారికి ఉద్దేశింపబడినది. దానికే పొడవైన హ్యాండిలు బిగించి నిటారుగా కూర్చుండువారు తమ బాధను తామే కొనితెచ్చుకొనుచున్నారు.

మెత్తదనము హెచ్చినకొలది సుఖము హెచ్చునను భ్రమ చాలమందికి కలదు. దళసరి స్పంజిలో ఎముకలు దిగబడినచో దాని నడిమిభాగము పైకి ఉబ్బి, వద్దన్నచోటనే ఒత్తును. మేమును కళాశాలలో చదువు దినములలో సీటుపై తువ్వాలు మడచి కట్టుకొని, దాని ముడతలతోనే ఒరపిడి తెచ్చుకొన్నవారమే. క్రొత్త సైకిలు సీటుపై వచ్చు ప్లాస్టికు సంచిని తీయక, ముచ్చట కొరకు నెలల తరబడి ఉంచువారు కలరు. అది చెమటను పీల్చదు, గాలిని పోనీయదు, ఎండలో కాలును. వెంటనే తీసివేయవలెను. రెగ్జిను చిరిగిన సీటు అంచులు చర్మమును కోయును. వాననీరు త్రాగిన దాని లోపలి స్పంజి గంటసేపు బట్టలను తడుపుచునే యుండును.

ఒక్క ప్రక్కనే పుండు పడినదని ఎవరైన చెప్పినచో ముందు సీటు క్రిందికి వంగి చూడవలెను. అటువైపు స్ప్రింగు విరిగియుండును, లేక సీటు ముక్కు హ్యాండిలునకు సూటిగా లేక ప్రక్కకు తిరిగియుండును, లేక పెడలు వంగియుండును. నొప్పి ఎముకలమీదనే యున్నచో సీటు మరీ క్రిందనున్నదేమో, లేక తొక్కువాడు క్రొత్తవాడేమో చూడవలెను. క్రొత్తవారికి మొదటి వారము, పది దినములు ఎముకలచోట కొంత నొప్పి సహజముగానే యుండి, దూరమును క్రమముగా పెంచినచో తగ్గిపోవును. చర్మము ఒరయుటయు తిమ్మిరియు అట్లు అలవాటుతో తగ్గునవి కావు.

గాలి సరిగా లేని టైరు వలన బండి బరువెక్కును. మితిమీరి గాలి కొట్టిన టైరు ప్రతి రాతి దెబ్బను సీటునకు చేర్చును. గుంటలు, తూముల అంచులు, స్పీడు బ్రేకరులు వచ్చినపుడు పెడళ్లను సమముగా నిలిపి, వానిపై లేచి నిలిచి దాటవలెను. పది నిమిషములకొకసారి కొన్ని క్షణములు అట్లు లేచినచో నలిగినచోట నెత్తురు మరల ఆడును. పాలక్యానులు మోయువారికి లేచి నిలుచుట కష్టము. వారు నడుమ నొకచోట దిగి నాలుగడుగులు నడుచుట మేలు.

దుస్తులు, శుభ్రత

కూర్చుండు భాగమున దళసరి కుట్లు ఉండరాదు. నాలుగు కుట్లు కలియుచోట ముడి గట్టిగా నుండు పంట్లాములు, బిగువైన జీన్సులు సైకిలునకు పనికిరావు. పంచె గాని లుంగీ గాని కట్టువారు మడతలు క్రిందికి రాకుండ సరిచేసికొని ఎక్కవలెను. లోదుస్తులు వదులై ముడతలు పడునవియు, బిగువై అంచులు కోయునవియు కాక ఒంటికి సరిపోవునవిగా నుండవలెను. రోజునకొకటి ఉతికి ఎండలో ఆరవేసినది తొడుగవలెను. సగము ఆరిన బట్టను తొడిగి తొక్కుట పుండును పిలుచుకొనుటయే. బడికి చేరిన పిమ్మట చెమట బట్టలతో దినమంతయు బల్లపై కూర్చుండుటయు హానికరమే. దూరమునుండి వచ్చు పిల్లలు మారులోదుస్తు నొకటి సంచిలో తెచ్చుకొన్నచో మంచిది.

రాచుకొను చోట బయలుదేరుటకు ముందు కొంచెము వాజలీను గాని కొబ్బరినూనె గాని పూసికొన్నచో రాపిడి తగ్గును. ఇంటికి వచ్చిన వెంటనే సబ్బుతోను నీటితోను కడిగి, రుద్దక అద్ది, బాగుగా ఆరనీయవలెను.

నెలసరి దినములలో బాలికలకు ఈ బాధ ఇనుమడించును. తడిసిన గుడ్డ గాని ప్యాడు గాని మార్చుటకు బడిలో చోటు లేనిచో, నీరు లేనిచో, గడియ లేనిచో, ఉదయము పెట్టుకొన్నదానితోనే సాయంకాలము 5 కిలోమీటర్లు తొక్కి రావలెను. దాని అంచులు తొడలను కోయును. పైన చెప్పిన నలుగురు బాలికలలో ఇద్దరి సంగతి ఇదియే. బడి మరుగుదొడ్డికి తలుపు కలదు. లోపలి గడియ ఊడిపోయి ఎంతకాలమైనదో ఎవరికిని గుర్తు లేదు. పావుగంటలో వడ్రంగి చేయు పని.

పుండు పడినచో

చర్మము ఎఱ్ఱబారి మండుచున్నపుడే ఒకటి రెండు దినములు సైకిలు మానివేసి, వదులైన నూలుబట్ట కట్టి, ఆ చోటును శుభ్రముగాను పొడిగాను ఉంచినచో చాలవరకు తగ్గును. బడి మానవలసిన పని లేదు. ఆ రెండు దినములు ఆటోలోనో, మరొకరి బండి మీదనో పంపవచ్చును. కురుపు లేచినచో పిండరాదు. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, 10 నిమిషముల చొప్పున దినమునకు మూడు నాలుగు మారులు కాపడము పెట్టవలెను. సున్నము, బెల్లము కలిపి పట్టు వేయు అలవాటు మన పల్లెలలో ఇంకను కలదు. సున్నము లేత చర్మమును కాల్చును. తొడల సందున వేయనే కూడదు.

గజ్జలలో దురదతో గుండ్రని మచ్చలు లేచినచో అది తామర కావచ్చును. అంగడిలో అడిగినవారికెల్ల ఇచ్చు మిశ్రమ లేపనములలో స్టెరాయిడు కలిసియుండుట కద్దు. పూసిన రెండు దినములు చల్లగా నుండి, తరువాత తామర మరింత వ్యాపించును. వైద్యుని చూపించియే మందు వాడవలెను.

గడ్డ పెరుగుచున్నను, జ్వరము వచ్చినను, ఎఱుపు చుట్టును ప్రాకుచున్నను, అదేచోట మరల మరల లేచుచున్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. మధుమేహము గలవారు చిన్న పుండునకైనను ఆలస్యము చేయరాదు. సైకిలు దిగిన పిమ్మట కూడ తిమ్మిరి విడువనిచో, స్త్రీలైనను పురుషులైనను, అది నరము నలుగుచున్నదనుటకు గుర్తు. సీటు సరిచేయునంతవరకు తొక్కుట మానవలెను. అప్పటికిని తగ్గనిచో వైద్యుని సంప్రదింపవలెను. పురుషులు ఈ సంగతిని పరిహాసము క్రింద కొట్టివేయుట మేము చూచియున్నాము.

పంచాయతీ చేయదగిన పని

రాజ్యాంగము పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశములలో రోడ్లు, తూములు, పాఠశాల విద్య, ఆరోగ్యము, పారిశుద్ధ్యము అన్నియు కలవు. సైకిలు సీటు వీనిలో దేని క్రిందికి వచ్చునని ఒక సభ్యుడు మమ్ము నవ్వుచు అడిగెను. అన్నిటి క్రిందికిని వచ్చునని చెప్పితిమి.

ఆ గ్రామ పంచాయతీ వారు దీపముల తీర్మానమును ప్రక్కన పెట్టి, ఒక శనివారము మధ్యాహ్నము బడి ఆవరణలో సైకిళ్లను పరీక్షింప నిశ్చయించిరి. సైకిలు బాగుచేయు వృద్ధునకు ఆ పూట కూలి ఇచ్చుటకును, క్లిప్పులు, స్ప్రింగులు కావలసిన చోట వేయించుటకును ఏర్పాటు చేసిరి. కావలసిన సామగ్రి రెండు పానాలు, సుత్తి, నూనెడబ్బా, గాలిపంపు, మేస్త్రీ వద్ద అరువు తెచ్చిన రసమట్టము, చిన్న డబ్బా తెల్లరంగు. ఒక్కొక్క సైకిలునకు 10 నిమిషములు చాలును. అనగా 30 సైకిళ్లకు ఒక మనిషికి 5 గంటలు. పై తరగతి కుర్రవాండ్రు ఇద్దరికి పని నేర్పుటచే అది మూడు గంటలలో ముగిసినది.

బాలికలతో ఏఎన్ఎమ్ గారును, వార్డు సభ్యురాలును, ఆశా కార్యకర్తయు వేరుగా గదిలో కూర్చుండి మాటలాడిరి. ఈ యేర్పాటు లేనిచో తక్కినదంతయు సగము పనియే. ఆడపిల్లల ఒరపిడిని గూర్చి మగవారి యెదుట అడిగినచో "ఏమియు లేదండీ" అను సమాధానమే వచ్చును. సభ్యులు దానిని నమ్మి కాగితముపై వ్రాసికొని పోవుదురు.

బడివద్ద సైకిళ్లకు నీడ లేదు. ఎండలో నిలిచిన నల్లని సీటుపై మూడు గంటలకు చేయి పెట్టి చూడుడని ప్రధానోపాధ్యాయులు సర్పంచిగారితో అనిరి. ఆయన పెట్టి తీసికొనిరి. రేకుల పందిరి నిధులు వచ్చునంతవరకు, చింతచెట్టు క్రిందికి సైకిళ్లను మార్చిరి. గట్టుమీద తూములవద్ద రోడ్డునకును కట్టడమునకును నడుమ నున్న మెట్టులను మట్టితోను కంకరతోను వాలు చేయించిరి. గడియ బిగించిరి.

తండ్రియు కుమార్తెయు పంచుకొను సైకిలు సంగతి మిగిలియున్నది. దినమునకు రెండుసార్లు సీటు మార్చుట ఎవరికి సాధ్యమని తండ్రి ప్రశ్నించెను. పానా అవసరము లేకుండ చేతితోనే వదులు చేసి బిగించు పిడిబోల్టును సీటు కడ్డీకి వేయించి, ఆ కడ్డీపై తెల్లరంగుతో రెండు గీతలు గీయించితిమి: పై సీటునకు తండ్రి గీత, క్రింది సీటునకు కుమార్తె గీత. ఆరునెలలకొకసారి పిల్లల గీతలను మరల చూడవలెనని ప్రధానోపాధ్యాయులు బడి దినచర్య పుస్తకములో వ్రాసికొనిరి. మరుసటి దసరా సెలవుల అనంతరము మేమటు పోయినపుడు ఆ బాలిక పదవ తరగతిలో నున్నది. పాత గీత ప్రక్కన క్రొత్త గీత పడినది. రెంటికిని నడుమ ఒక వ్రేలి మందము దూరము కలదు. తండ్రి గీతకు ఇంకను మూడు వ్రేళ్లు తక్కువ.